కుడి చెయ్యి లాగేస్తంది, వేలు తిమ్మిరి. మెడ నరం నొక్కుకుపోయిందంటున్నారు, ఏటి చెయ్యాలండి?

కాశీబుగ్గ_టైలరమ్మ
అందరికీ నమస్కారమండి. మాది కాశీబుగ్గ, ఇంట్లోనే మిషను పెట్టుకుని కుడతాను, బ్లౌజులే ఎక్కువ. పెళ్ళిళ్ళ సీజన్లో పని ఎక్కువైపోయి మెడ పట్టేసినట్టు ఉండేది, అదే తగ్గిపోద్దిలే అనుకున్నాను, ఇప్పుడేమో కుడి రెక్క లోపలనుంచి మొదలై జబ్బ వెనకవైపునుంచి మోచెయ్యి దాటి మధ్యవేలు దాకా లాగేస్తంది. మధ్యవేలు చివర మొద్దుబారిపోయి ఉన్నాది, సూదిలో దారం ఎక్కిస్తే ఆ వేలికి దారం తగిలినట్టే తెలీదు. దండెం మీద బట్టలు తీయడానికి తలెత్తేనంటే కరెంటు కొట్టినట్టు చెయ్యంతా జిల్లుమంటాది. రాత్రి ఏ పక్కకి తిరిగినా కుదరదు, చెయ్యి ఎత్తి తలమీద పెట్టుకుంటే మాత్రం కాస్త హాయిగా ఉంటాది. మా వీధిలో ఆయన ఇంజక్షన్లు చేసేరు, బిళ్ళలు ఇచ్చేరు, వేసుకున్నంతసేపు బాగుంటాది మళ్ళీ మామూలే. మెడ నరం నొక్కుకుపోయింది ఎంఆర్ఐ తీయించు, ఆపరేషన్ పడొచ్చు అంటున్నారు. ఇద్దరు పిల్లలు, చెయ్యి ఆడకపోతే ఇల్లు గడవదు. ఎవరికైనా ఇలాగ అయిందా?

ఫిజియో_విజయనగరం
టైలరమ్మగారూ, ముందు ఆ ఆపరేషన్ మాట పక్కన పెట్టండి. మెడ నరం నొక్కుకుపోయినవాళ్ళలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, మామూలుగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. డిస్కు అంటే మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ, బయటికి ఉబ్బిన ఆ డిస్కు ముక్క చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది కూడా.

మీరు రాసినదాంట్లో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయండి. మెడలో ఎముకలు 7, అక్కణ్ణుంచి బయల్దేరే నరాలు 8 జతలు, ఒక్కో నరం చేతిలో ఒక్కో దారిన దిగుతుంది. బొటనవేలు, చూపుడువేలు వైపు తిమ్మిరైతే ఆరో నరం, మధ్యవేలైతే ఏడోది, చిటికెనవేలు వైపైతే ఎనిమిదోది అని ముందు అనుమానిస్తాం. మీది జబ్బ వెనకనుంచి మధ్యవేలికి అన్నారు కాబట్టి ఏడోది అయ్యుండొచ్చు, మెడలో అన్నిటికన్నా ఎక్కువగా నొక్కుకునేది కూడా అదే. తలెత్తితే షాకు కొట్టడం, చెయ్యి తలమీద పెట్టుకుంటే హాయిగా ఉండటం, ఈ రెండూ మెడవైపే వేలు చూపిస్తాయి. పైకి చూస్తే నరం బయటికొచ్చే కంత ఇరుకవుతుంది, చెయ్యి తలమీద పెడితే నరం మీద లాగుడు తగ్గుతుంది.

మోటారు పైపుని బోరు దగ్గర తొక్కితే నీళ్ళు ఆగేది చివరి మడిలో కదా, ఇదీ అంతే, తొక్కుడు మెడలో, మొద్దుబారేది వేలు. అందుకే వేలికి ఎంత ఆయింట్‌మెంట్ రాసినా లాభం ఉండదు.

ఒక పని చేసి చెప్పండి. గోడకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఆనించి, ఒంటిని ముందుకి వంచి మళ్ళీ వెనక్కి నెట్టుకోండి. కుడి మోచెయ్యి ఎడమదానికన్నా లొంగిపోతోందా? ఏడో నరం బలహీనపడితే చేతిని చాపే కండకి, అంటే జబ్బ వెనక కండకి, శక్తి తగ్గుతుంది. నొప్పి వేరు, శక్తి తగ్గడం వేరు. నొప్పికి ఆగొచ్చు, శక్తి తగ్గుతూ ఉంటే ఆగకూడదు.

ఇచ్ఛాపురం_బాబు
అక్కా మా ఊళ్ళో సెలూన్లో మెడ పట్టుకుని రెండు పక్కలకీ టక్కుమనిపిస్తారు, నాకు పట్టేసినప్పుడల్లా అక్కడే తీయించుకుంటాను, వెంటనే తేలికైపోద్ది. మీ వైపు ఆడవాళ్ళకి చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి చూపించుకోండి, ఖర్చు కూడా ఉండదు.

సోంపేట_సిస్టర్
బాబూ, మంచి మనసుతోనే చెప్పావు గాని దయచేసి ఇది ఎవరికీ చెప్పకు, నువ్వు కూడా మానెయ్యి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే రక్తనాళాలు రెండు మెడ ఎముకల కంతల్లోంచే వెళ్తాయి. ఒక్కసారిగా మెడ విసిరి తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరగొచ్చు, అక్కడ గడ్డ కట్టి పక్షవాతం రావొచ్చు. అందరికీ అవ్వదు, అరుదే, కానీ అయితే మళ్ళీ వెనక్కి తీసుకోలేం. అందులోనూ నరం ఇప్పటికే నొక్కుకుని ఉన్న మనిషికి తిప్పితే ఇంకా కష్టం.

అమ్మా టైలరమ్మా, నేను డయాలసిస్ వార్డులో స్టాఫ్ నర్సుని. నాకు కావలసింది నీ మెడ సంగతి కాదు, నీకు ఇచ్చిన బిళ్ళల పేరు. స్ట్రిప్ వెనక చూసి రాయి. నీది కాశీబుగ్గ అన్నావు, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా?

కాశీబుగ్గ_టైలరమ్మ
సిస్టర్ గారూ స్ట్రిప్ మీద ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ అని రెండూ ఉన్నాయి. ఇంజక్షను డైక్లో అని చెప్పేరు. మా మావయ్యగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ చేయిస్తన్నాం, మా అత్తవారిది వజ్రపుకొత్తూరు వైపు. నేను పుట్టింది పెరిగింది కూడా కవిటి మండలం. నాకైతే షుగరు బీపీ ఏటీ లేవండి. గోడ టెస్టు చేసేను, కుడి చెయ్యి కొంచెం ముందు అలిసిపోతన్నాది గాని లొంగిపోడం లేదు.

సోంపేట_సిస్టర్
అయితే ఆ బిళ్ళలు ఈ రోజే ఆపమ్మా. చాలామంది ఆ స్ట్రిప్ చూసి పారాసిటమాలే కదా అనుకుంటారు, కానీ అందులో ఉన్న ఎసిక్లోఫెనాక్, ఇంజక్షన్లో ఉన్న డైక్లోఫెనాక్, మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ఐబుప్రోఫెన్, ఇవన్నీ ఒకే జాతి. కిడ్నీకి రక్తం వెళ్ళే దారిని ఇరుకు చేస్తాయి. కిడ్నీ బాగున్న మనిషి నాలుగు రోజులు వేసుకుంటే తట్టుకుంటుంది, ఎండాకాలం చెమటలు పట్టి నీళ్ళు సరిగా తాగకుండా వారాల తరబడి వేసుకుంటే తట్టుకోలేకపోవచ్చు.

మన ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. షుగరు లేదు, బీపీ లేదు, ఒంట్లో ఏ బాధా తెలియదు, తెలిసేసరికి కిడ్నీ చాలావరకు పోయి ఉంటుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి తాగే నీళ్ళు తెచ్చారు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్లో పెట్టారు, అవన్నీ మంచివే, కానీ నొప్పి బిళ్ళలు మాత్రం మన చేతిలో ఉన్న విషయం. నొప్పి బిళ్ళలే ఈ జబ్బు తెచ్చాయని నేను అనడం లేదు. ఉన్న కిడ్నీని ఇంకా కుంగదీసే ప్రమాదం ఉంది, అది మాత్రం ఖాయం. కొబ్బరిచెట్లెక్కే వాళ్ళు, జీడి పనికెళ్ళే ఆడవాళ్ళు ఒళ్ళు నొప్పులకి రోజూ ఒక బిళ్ళ మింగి పనిలోకి వెళ్తారు, వాళ్ళ పాత స్ట్రిప్పులు కొంగుల్లోంచి తీసి నాకు చూపిస్తుంటే నా కడుపు తరుక్కుపోతుంది.

క్రియాటినిన్ అని కిడ్నీకి చేసే రక్తపరీక్ష ఉంది, అది చేయించు. ఒట్టి క్రియాటినిన్ అంకె చూసి నార్మల్ అని వదిలెయ్యొద్దు, వయసుని బట్టి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంతబాగా వడకడుతోందో చెప్పే అంకె, ఎంతో రాసి ఇమ్మను. అది చేతిలో పెట్టుకుని మెడ డాక్టరు దగ్గరికి వెళ్ళు, మా ఇంట్లో కిడ్నీ జబ్బుంది, మాది ఉద్దానం అని మొదటి మాటే చెప్పు.

నెల్లిమర్ల_మాస్టారు
అమ్మాయీ, నేను మిల్లులో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు ఇదే వచ్చింది, నాది ఎడమ చెయ్యి, బొటనవేలు వైపు. ఎంఆర్ఐ తీస్తే మూడు చోట్ల డిస్కు ఉబ్బింది అని రాసేరు, ఆ కాయితం చూసి మా ఇంట్లో అందరూ ఏడుపు. తర్వాత చూసిన పెద్ద డాక్టరుగారు చెప్పిన మాట ఏటంటే, ఈ వయసులో నొప్పి లేనివాణ్ణి తీసుకొచ్చి మెషిన్లో పెట్టినా ఇలాంటివే కనబడతాయి, కాయితానికి వైద్యం చెయ్యకూడదు, మనిషికి చెయ్యాలి అని. ఫిల్ములో కనబడిన నరం, నీ చేతిలో నొప్పి వచ్చే దారి ఒకటైతేనే దానికి విలువ.

మెడపట్టీ కొంతమంది నెలల తరబడి పెట్టుకు తిరుగుతారు, అలా చెయ్యకు. బాగా నొప్పి ఉన్న తొలిరోజుల్లో వారం, మహా అయితే రెండు వారాలు, అదీ పెట్టుకుని తీసి పెట్టుకుని తీసి. ఎక్కువకాలం కట్టేస్తే మెడ కండలు బద్ధకిస్తాయి. తలగడ ఒక్కటే వాడు, బోర్లా పడుకోకు. పక్కకి తిరిగి పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తుండాలి తలగడ, తల కిందకి వాలకూడదు పైకీ లేవకూడదు.

ఆమదాలవలస_గౌరి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఈ చర్చ చదివి ఎవరైనా చెయ్యి నొప్పంటే మెడే అని ఇంట్లో కూర్చుంటారేమో అని భయమేసి రాస్తున్నాను. మా నాన్నగారికి ఎడమ చెయ్యి లాగుతోందంటే పొలంలో బస్తాలు మోసేరు కదా అని కాపడం పెట్టేం. అది గుండె. సమయానికి పక్కింటి అన్నయ్య చూసి తీసుకెళ్ళబట్టి బతికేరు. చేతితోపాటు గుండెల మీద బరువు, చెమటలు, ఆయాసం, దవడ లాగడం, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గడం, ఇందులో ఏది ఉన్నా మెడ సంగతి తర్వాత, ముందు 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవాళ్ళకి గుండెలో నొప్పి తెలియకుండా ఒట్టి చెయ్యి బరువుగా అనిపించొచ్చని అక్కడ డాక్టరు చెప్పేరు.

ఫిజియో_విజయనగరం
గౌరిగారూ, చాలా మంచి పని చేశారు రాసి. నేనే ముందు చెప్పాల్సిన మాట అది.

గొల్లపల్లి_వీణ
నాకు కూడా ఇలాగే ఉందన్నా. మాది బొబ్బిలి పక్కన గొల్లపల్లి, వీణలు చేస్తాం. నాకు ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు సగం తిమ్మిరి. మెడ నొప్పి ఏమీ లేదు. మరి నాది ఎనిమిదో నరమా?

ఫిజియో_విజయనగరం
తమ్ముడూ, పనస దుంగ తొలిచేటప్పుడు ఎడమ మోచెయ్యి ఎక్కడ ఆనిస్తావు? ఫోన్ ఏ చేత్తో చెవి దగ్గర పెట్టుకుంటావు?

గొల్లపల్లి_వీణ
అబ్బ, సరిగ్గా అడిగేవన్నా. ఎడమ మోచెయ్యి చెక్కమీదే ఆనించి ఉలి పట్టుకుంటాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. వీణ కుండ లోపల తొలిచేటప్పుడైతే బరువంతా దానిమీదే. ఫోన్ కూడా ఆ చేత్తోనే. రాత్రి చెయ్యి మడిచి తలకింద పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకి రెండు వేళ్ళూ చచ్చిపోయుంటాయి.

ఫిజియో_విజయనగరం
అయితే నీది మెడలో కాకుండా మోచేతి దగ్గర నొక్కుకుంటూ ఉండొచ్చు. మోచెయ్యి దేనికైనా తగిలినప్పుడు జివ్వుమంటుందే, అదే నరం. మోచేతి కింద మెత్తటి గుడ్డ మడతపెట్టుకో, రాత్రి చెయ్యి చాపి ఉండేలా తువ్వాలు వదులుగా చుట్టుకుని పడుకో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్చబడుతోందా, కాగితం పట్టుకుంటే జారిపోతోందా చూసుకో, అలా ఉంటే మాత్రం బేగి వెళ్ళి నరాల పరీక్ష చేయించుకో. చేతిమీద చిన్న చిన్న కరెంటు ఇచ్చి నరం ఎక్కడ మందగించిందో చూస్తారు, భయపడేంత నొప్పి ఉండదు.

రాజాం_పార్వతి
నాకు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్ళు మంటలు, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. షుగరు ఉంది, ఎప్పట్నుంచో మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. నాదీ మెడేనా?

సోంపేట_సిస్టర్
పార్వతమ్మా, రాత్రి లేచి విదిలిస్తే తగ్గడం అంటే ఎక్కువగా మణికట్టు దగ్గర నొక్కుకున్న లక్షణం. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి బాగుంటుంది. థైరాయిడ్ చేయించు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, అదీ చూపించుకో. బి12 తగ్గినవాళ్ళకి ఆ ఇంజక్షన్లు బంగారమే, తగ్గనివాళ్ళకి మెడ నరం నొక్కుకుంటే మాత్రం అవి దాన్ని విడిపించవు.

కవిటి_కొబ్బరితోట
మా బావమరిది సంగతి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ అందరూ ఆపరేషన్ అక్కర్లేదు అంటున్నారు, నిజమే గాని అందరికీ కాదు. వాడికి నొప్పి పెద్దగా లేదు. చొక్కా గుండీలు పెట్టుకోడం కష్టమైపోయింది, అన్నం ముద్ద చేతిలోంచి జారిపోయేది, తర్వాత గట్టుమీద నడుస్తుంటే తూలడం. తాగేడనుకున్నారు జనం, వాడు తాగడు. విశాఖ తీసుకెళ్తే మెడలో పక్క నరం కాదు, నడిమధ్య ఉండే వెన్నుపాము నొక్కుకుంటోందని చెప్పి ఆపరేషన్ చేసేరు. ఆపరేషన్ తర్వాత నడక ఇంకా పాడవకుండా ఆగింది, చేతులు పూర్తిగా మునుపట్లా రాలేదు. ఇంకా ముందొచ్చుంటే బాగుండేదన్నారు. అందుకే రెండు చేతులూ మొరాయించినా, నడక తూలినా, ఒంటికీ రెంటికీ తేడా వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఫిజియో_విజయనగరం
ఇది అందరూ రెండుసార్లు చదవండి. దీనికి తోడు దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన మెడనొప్పి, జ్వరంతోనో బరువు తగ్గుతూనో వచ్చేది, ఇవి కూడా ఇంట్లో చూసుకునేవి కావు.

కాశీబుగ్గ_టైలరమ్మ
మీరందరూ చెప్పినట్టే చేసేనండి. క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ రెండూ బాగానే ఉన్నాయి, ఆ కాయితం చూసేక గాని నాకు ఊపిరి రాలేదు. తర్వాత శ్రీకాకుళం వెళ్ళి ఆర్థో డాక్టరుగారికి చూపించుకున్నాను. మాది ఉద్దానమండి, ఇంట్లో కిడ్నీ పేషెంటు ఉన్నారండి అని మొదటే చెప్పేను, ఆయన పెన్ను కింద పెట్టి ఇంతవరకు ఏ బిళ్ళలు వాడేవమ్మా అని అడిగేరు. చిన్న సుత్తితో మోచెయ్యి వెనక కొట్టి చూసేరు, ఎడమచెయ్యి ఎగిరింది, కుడిది అంతగా ఎగరలేదు. వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని నెట్టమన్నారు, లాగమన్నారు. శక్తి బాగానే ఉంది, ఏడో నరం అన్నారు, ఎంఆర్ఐ ఇప్పుడే వద్దు, 6 వారాలకి తగ్గకపోయినా శక్తి తగ్గినా అప్పుడు తీద్దాం అన్నారు. పారాసిటమాల్ ఒక్కటే ఉన్న బిళ్ళ, రాత్రికి ప్రీగాబాలిన్ చిన్న డోసు రాసేరు. నిద్ర పడతంది గాని పొద్దున్న తల దిమ్ముగా ఉంటాది. ఆ బిళ్ళ మంచిదేనా సిస్టర్?

సోంపేట_సిస్టర్
నరం నొప్పికి వాడేదేనమ్మా. దిమ్ము మొదట్లో ఉంటుంది, బాగా ఎక్కువైతే ఆయనకే చెప్పు. వేసుకున్నాక స్కూటీ నడపకు. నీకు నువ్వే పెంచొద్దు, ఒక్కసారిగా మానెయ్యొద్దు. ఇంకోమాట, ఇది కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది, కిడ్నీ పని తగ్గినవాళ్ళకి డోసు తగ్గించి ఇవ్వాలి. నీ బిళ్ళ బాగా పనిచేసిందని మీ మావయ్యగారికి కాళ్ళనొప్పులకి ఒకటి ఇచ్చేవు సుమా, అస్సలు వద్దు.

గరివిడి_టైలర్
చెల్లెమ్మా, నేను ముప్పై ఏళ్ళకి పైగా మిషను మీదే ఉన్నాను. మందులు వాడి మళ్ళీ అదే వంకర్లో కూర్చుంటే మళ్ళీ వస్తాది. నేలమీద కటింగ్ మానేసెయ్యి ముందు. నడుమెత్తు బల్ల చేయించుకో, డబ్బులేకపోతే మంచం కింద రెండేసి ఇటుకలు పెట్టి దానిమీద చెక్క వేసుకో, నిలబడి కత్తిరించు. హెమ్మింగు, హుక్సులు కుట్టేటప్పుడు ఒళ్ళో గుడ్డ పెట్టుకుని తల దించుతాం కదా, మెడకి అన్నిటికంటే చేటు అదే. ఒళ్ళో రెండు తలగడలు వేసుకుని మోచేతులు వాటిమీద ఆనించి బట్టని కంటిదగ్గరకి తెచ్చుకో, కన్ను బట్టదగ్గరకి వెళ్ళకూడదు. సూది దగ్గర లైటు సరిగా లేకపోయినా తెలీకుండానే వంగిపోతాం, సూది పక్కన చిన్న లైటు పెట్టించు. కళ్ళజోడు పడిందేమో అదీ చూపించుకో, నల్ల బట్ట మీద నల్లదారం కుట్టేటప్పుడు నీకే తెలుస్తాది.

ఫిజియో_విజయనగరం
గరివిడి అన్న చెప్పినదానికి నేను కలిపేది కొంచెమే. నొప్పి కాస్త దిగాక ఇవి మొదలుపెట్టండి. గోడకి వీపు ఆనించి నిలబడి, తల పైకీ కిందకీ వంచకుండా గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగండి, రెండు గడ్డాలు పడేలాగ. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. తర్వాత రెండు రెక్కల ఎముకల్నీ వెనక్కి దగ్గరకి తెచ్చి వదలండి. పదేసిసార్లు, రోజుకి రెండు మూడు మార్లు, ఒక బ్లౌజు అయ్యాక లేచినప్పుడల్లా చేస్తే సరిపోతుంది. చేస్తుంటే నొప్పి వేళ్ళలోంచి వెనక్కి మెడవైపు ఎక్కితే, మెడలో కాస్త ఎక్కువనిపించినా మంచి గుర్తే. వేళ్ళవైపు ఇంకా దిగితే వెంటనే ఆపండి. యూట్యూబులో మెడ గుండ్రంగా తిప్పేవి, తల బాగా వెనక్కి వాల్చేవి మీకు ఇప్పుడు పనికిరావు. నీళ్ళ బిందె నెత్తిమీద పెట్టుకోవద్దు, కుడి చంకన కూడా వద్దు.

కాశీబుగ్గ_టైలరమ్మ
చాలా రోజులకి వచ్చేను, ఏమనుకోకండి. చెయ్యి లాగుడు చాలావరకు పోయింది, తలెత్తితే షాకు రావడం లేదు. ఎంఆర్ఐ అవసరం లేదన్నారు, బిళ్ళ మెల్లగా తగ్గిస్తన్నారు. మా ఆయన కటింగుకి బల్ల చేయించేరు. మధ్యవేలి చివర మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాది, అది ఉండిపోద్దా?

ఫిజియో_విజయనగరం
చాలా సంతోషమండి. ముందు నొప్పి పోతుంది, మొద్దుబారడం ఆఖర్న పోతుంది, దానికి నెలలు పట్టొచ్చు, కొద్దిమందికి కాస్త మిగిలిపోతుంది కూడా. పెరగనంతవరకు కంగారు లేదు. ఆ వేలికి వేడి తెలియదు కాబట్టి ఇస్త్రీపెట్టె దగ్గర జాగ్రత్త.

మందస_లక్ష్మి
ఇప్పుడే చదివేనండి. మా అమ్మ జీడిపప్పు పీలింగుకి వెళ్తాది, ఆవిడకీ మెడనుంచి చెయ్యి లాగుడు, రోజూ బిళ్ళ వేసుకునే పనిలోకి వెళ్తాది. మేము ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కాశీబుగ్గ_టైలరమ్మ
లక్ష్మీ, ముందు అమ్మ వాడిన స్ట్రిప్పులన్నీ ఖాళీవి కూడా ఒక కవర్లో వెయ్యి. రేపు పొద్దున్నే కిడ్నీ పరీక్షకి తీసుకెళ్ళు, రిపోర్టు వచ్చేవరకు ఆ బిళ్ళ ఇవ్వకు. ఏ వేలు తిమ్మిరెక్కుతందో అడిగి ఇక్కడ రాయి, గోడకి చేతులు ఆనించి నెట్టమను. నేను సాయంత్రం పూట చూస్తుంటాను.